బాలింత పసుపు

వనపర్తిలో శైలజ పార్లర్ ఎక్కడని ఎవరినడిగినా ఎరువుల దుకాణం పైన అని చెబుతారు. ఇరుకు మెట్లు. ఎక్కడం మొదలుపెట్టినప్పుడు పురుగుమందుల వాసన, ఎక్కడం పూర్తయ్యేసరికి క్రీముల వాసన. పెళ్లిళ్ల కాలంలో ఆడవాళ్లు ఆ మెట్ల మీదే వరస కట్టి కూర్చుంటారు. అది ఆషాఢం కాబట్టి ఆ సాయంత్రం పార్లర్ ఖాళీగా ఉంది. నిరోష తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి తొంగి చూసింది.

పార్లర్‌లో అడుగుపెట్టడం ఆమెకదే మొదటిసారి. పుణెలో బిల్డింగులు కట్టేచోట ఏళ్ల తరబడి ఇసుక మోసిన మనిషి. రెండు చెంపల మీదా ముక్కు మీదా మంగు పట్టేసింది. ముప్పై నిండకముందే నలభై దాటినట్టు కనిపించేది. అందుకామె ఎన్నడూ బాధపడలేదు. ఎండలో పనిచేసేవాళ్ల ముఖం ఎండలో పనిచేసినట్టే ఉంటుంది కదా, నీడపట్టున కూర్చున్నట్టు ఎందుకుంటుంది?

ఆమె బాధంతా కూతురు నవ్య గురించి. పిల్ల పాలు మానగానే అత్త సత్యమ్మ దగ్గర వదిలి, భర్త దానియేలుతో కలిసి పనికి పోయింది. రోజూ పని దిగాక వీడియో కాల్. పక్క షెడ్డులో ఉండే అమ్మాయి ఒకతె ఆ ఫోన్లో ముఖాన్ని తెల్లగా, నున్నగా చూపించే ఫిల్టర్ పెట్టి ఇచ్చింది. సిమెంటు దుమ్ముతో, అలసిపోయిన ముఖంతో బిడ్డకు కనిపించడం ఇష్టంలేక నిరోష దాన్ని అలాగే ఉంచేసింది. ఎంత చిన్న ముచ్చట! అదే ఆమె కొంప ముంచింది. వానలు పడగానే ఊరికొచ్చి "నవ్యా" అని చేతులు చాపితే, ఆ పిల్ల నాయనమ్మ కొంగు చాటుకు పోయింది.

"ఈమె మా అమ్మ గాదు. మా అమ్మ తెల్లగుంటది" అంది.

వేసిన పత్తి మొలిచి మోకాలెత్తు అయింది గానీ పిల్ల మాత్రం దగ్గరికి రాలేదు. బొమ్మ కొనిచ్చినా రాలేదు, బిస్కెట్లు చూపినా రాలేదు. వచ్చే వారం మేస్త్రి బండి మళ్లీ పుణెకు పోతుంది. "నీకు అలవాటైతే పిల్లను తోల్కపో. కాకుంటె ఈడ్నే ఉండనీ, ఏడిపియ్యకు" అని సత్యమ్మ తేల్చి చెప్పింది. ఆమె మాటలో తప్పు లేదు. కానీ ఈసారి వదిలిపోతే నవ్య ఇక ఎప్పటికీ తన బిడ్డ కాదని నిరోషకు అర్థమైంది. అందుకే అసలు సంగతి ఎవరికీ చెప్పకుండా, వనపర్తిలో పనుందని బస్సెక్కింది.

ఫోన్లో ఫిల్టర్ పెట్టి దిగిన తన ఫోటోను శైలజకు చూపించింది.

"అక్కా, నాకు గిట్ల గావాలె."

శైలజ పకపకా నవ్వింది. "గది ఫిల్టర్ గదక్కా! నేను మనిషిని, ఫోన్‌ను గాదు. మంగు జర తగ్గుతది, తేటగైతవ్. ఒక్కపారికే అంత గావాలంటె యాడైతది?"

"నా బిడ్డ నన్ను గుర్తువడితె సాలు."

విషయమంతా విన్నాక శైలజ మళ్లీ నవ్వలేదు. కుర్చీ వెనక్కి వాల్చి, "పండుకో అక్కా" అని మెత్తగా అంది. నోరు పెద్దదే గానీ మంచి మనిషి. ఆమె మంచితనమే ఆ రోజు పులి మీద పుట్ర అయింది.

ముందు దూదితో ముఖం తుడిచింది. ఆవిరి పట్టింది. గరుకు క్రీముతో రుద్ది, కడిగి, మళ్లీ వేళ్లతో గుండ్రంగా, నుదుటి మీదుగా, కళ్ల చుట్టూ, దవడల కింద మర్దన చేసింది. తల్లి పోయాక తన ముఖాన్ని ఇంత ప్రేమగా ఎవరూ ముట్టుకోలేదని గుర్తొచ్చి నిరోషకు ఏడుపొచ్చింది. బయట వాన మొదలైంది. ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో ఆమెకే తెలియదు.

"అరె, కస్తూరి పసుపు అయిపాయె" అన్న మాటతో మెలకువ వచ్చింది. శైలజ డబ్బాలన్నీ వెతికి, చివరికి దేవుడి పటం వెనక చెయ్యి పెట్టి ఒక కాగితం పొట్లం తీసింది. "అక్కా, మీరు బొట్టు గిట్ల పెట్టుకోరు గదా. పసుపుకేం గాదు గదా?"

"మందు లెక్క పెడితె ఏంది. పెట్టు."

శనగపిండి, పెరుగు కలిపి ముఖమంతా మందంగా పూసింది. ఆ చల్లదనం మామూలు చల్లదనం కాదు, పళ్లు జివ్వుమన్నాయి. కళ్ల మీద పన్నీటిలో తడిపిన దూది పెట్టింది.

"ఇగ మాట్లాడకు, నవ్వకు. ప్యాక్ ఆరంగ ముఖం కదిలితె ముడతలు వడ్తయ్."

ఎదుటి మనిషి మాట్లాడకూడదంటే శైలజకు పండగే. పక్కన స్టూలు లాక్కుని ముచ్చట మొదలుపెట్టింది.

"గీ పసుపు మామూలుది గాదక్కా. శ్రావణి అని నా కస్టమరే, నెల నెలా ఒస్తుండె. బాలింత. జొరమొచ్చి దవాఖాన్ల సచ్చిపాయె, పాపం. పాలు దాగే పిల్ల. ఆఖరిపారి ముఖం తయారు జెయ్యమని వాళ్లాయన మహిపాల్ నన్నే పిలిచిండు. నేనే పసుపు రాసిన, నేనే బొట్టు వెట్టిన. ముత్తైదువ సావు గదా... ఆమె చెంపల మీదిది జర తీసి తెచ్చుకున్న."

మొగుడికన్నా ముందు పోయిన ఆడదాని పసుపు చిటికెడు తెచ్చుకుని పుస్తెలకు అద్దుకుంటారని నిరోషకూ తెలుసు. చుట్టుపక్కల ఊళ్లలో చూసిందే. కానీ అది పుస్తెలకు అద్దేది. ముఖాలకు పూసేది కాదు.

"ముసలోళ్లు వద్దనె. బాలింత పసుపు ముట్టొద్దంట, బిడ్డ కోసం ఎంటబడి ఒస్తదంట. గవన్ని పాత ముచ్చట్లక్కా. ఎవ్వరికి వాడక దాచిన. నీ బిడ్డ నీకు దొరకాలని నీకే మొత్తం కలిపిన."

లేచి కడుక్కోవాలనిపించింది. కానీ ప్యాక్ అప్పటికే బిగుసుకుని దవడలు కదలడం లేదు. పైగా, ఇంత ప్రేమగా చేసిన మనిషిని ఏమనగలదు? దేవుణ్ణి నమ్ముకున్నదాన్ని, దీనికి భయపడతానా అని తనకు తానే చెప్పుకుంది. చెప్పుకుంటూనే భయపడింది.

అప్పుడే ఫ్యాను చప్పుడు ఆగిపోయింది.

"కరెంటు పాయె. కింద ఫ్యూజు చూసొస్త, కదలకు" అంటూ శైలజ మెట్లు దిగింది. ఆమె చెప్పుల చప్పుడు కిందికి పోయి, వానలో కలిసిపోయింది.

నిరోష అలాగే పడుకుంది. క్రీముల వాసన మెల్లగా తగ్గింది. దాని స్థానంలో బంతిపూల వాసన. అగరొత్తుల వాసన. వాటి అడుగున ఇంకొకటి... జాకెట్టు మీద ఎండిపోయిన పాల వాసన, పుల్లగా.

పక్క కుర్చీ కిర్రుమంది.

ఎవరో కస్టమర్ వచ్చి కూర్చుందనుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించలేదని తర్వాత గుర్తొచ్చింది.

"అక్కా..." అని గుసగుస. బాగా దప్పికైన గొంతు. "నీకు బిడ్డ ఉందా?"

"ఊఁ" అంది నిరోష, పెదవులు కదపకుండా.

"నీ కాడికి ఒస్తదా?"

నిరోష తల అడ్డంగా ఊపింది. దూది కింద నుంచి నీళ్లు కారాయి.

"నా బిడ్డను సూడనిస్తలేరక్కా. పాలన్ని కారిపోతున్నయి..."

ఆ మాటలో ఎంత దుఃఖముందంటే, ఒక్క క్షణం నిరోష భయం మరచిపోయింది. తనలాంటిదే ఎవరో అనుకుంది. ఇసుక తట్ట కింద తనూ అలాగే ఏడ్చింది, పిల్లను వదిలి పోయిన కొత్తలో.

"ఒక్కపారి సూసి పోత. నీ ముఖం జాగల నా ముఖం ఏసుకొని పోత. సరేనా?"

ముఖం వేసుకోవడమంటే ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. జాలితో, ఆలోచించకుండానే, గొంతులోంచి వచ్చేసింది.

"ఊఁ..."

వేళ్లు ముఖం మీద పడ్డాయి. చల్లగా. ప్యాక్ ఆరిందా లేదా అని చూసేవాళ్లలా చెంపల మీద తట్టాయి. నుదుటి మీదికి పోయాయి. తర్వాత చెవుల పక్క, జుట్టు మొదలయ్యే చోట, గోళ్లు మెల్లగా లోపలికి దిగాయి. నొప్పి లేదు. అరవాలనుకుంది... నోరు ఎక్కడుందో తెలియలేదు. ప్రభువా అనుకుంది. ఆ పేరు మనసులోనే ఆగిపోయింది.

ఫ్యాను తిరిగింది.

"వచ్చింది కరెంటు" అంటూ శైలజ పైకొచ్చింది. గోరువెచ్చని నీళ్లతో ప్యాక్ కడగడం మొదలుపెట్టింది. మొదట మాట్లాడుతూనే ఉంది. తర్వాత మాట తగ్గింది. తర్వాత చెయ్యి ఆగింది.

నిరోష లేచి అద్దంలో చూసుకుంది. మంగు లేదు. ఒక్క మచ్చ లేదు. పచ్చటి, నున్నటి చర్మం, ఇరవై దాటని ముఖం. ముందు ఆమెకు కలిగింది సంతోషమే. నవ్య ఇప్పుడు వస్తుంది, పరుగెత్తుకుంటూ వస్తుంది అనుకుని నవ్వింది. నవ్వితే గడ్డం మీద చిన్న సొట్ట పడింది. ఆ సొట్ట ఆమెకు ఎన్నడూ లేదు.

"పక్కన కూసున్నామె యాడికి పోయింది?" అని అడిగింది. గొంతు పొడిబారి, సన్నగా వచ్చింది.

"ఎవ్వరు రాలేదు. మెట్ల కాడ నేనే ఉన్న." శైలజ గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె కళ్లు నిరోష ముఖం మీద నిలవడం లేదు. "పో అక్కా... జల్ది ఇంటికి పో. నీ బిడ్డ కాడికి పో."

తన ఊరి మీదుగా పోయే ఖిల్లా ఘణపూర్ బస్సులో నిరోష కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీట్లోకి ఒక ముసలమ్మ మూటతో వచ్చి, సర్దుకుని, తలెత్తి చూసింది. ఆమె చేతిలో మూట జారిపోయింది.

"శ్రావణీ..." అంది.

మూట అక్కడే వదిలేసి, డ్రైవర్ వెనక కమ్మీ పట్టుకుని నిలబడింది. తన ఊరు వచ్చేదాకా వెనక్కి తిరగలేదు. నిరోష కొంగు ముఖం మీదికి లాక్కుంది. కిటికీ అద్దంలో చూసుకునే ధైర్యం లేకపోయింది. దారి పక్కన ఏదో ఊరొచ్చింది. ఆ ఊళ్లో ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది. బస్సు ఇంజను మోతలో అది వినిపించకూడదు. అయినా వినిపించింది. జాకెట్టు ముందుభాగం వెచ్చగా, తడిగా అయింది. కొంగు తొలగించి చూసుకుంది.

పాలు.

ఊళ్లో బస్సు దిగేసరికి మునిమాపు. వాన వెలిసింది. ఇంట్లోనూ కరెంటు లేదు. సత్యమ్మ వాకిట్లో చార్జింగు లైటు పెట్టుకుని బియ్యం ఏరుతోంది. పక్కన నవ్య. సత్యమ్మ లైటు ఎత్తి చూసింది.

"ఎవరు గావాలె బిడ్డా?" అంది.

నేనే అత్తా, అనబోయింది నిరోష. మాట రాలేదు. నవ్య లేచి నిలబడింది. ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. ఒక్కో అడుగూ వేస్తూ దగ్గరికొచ్చింది. ఇన్నాళ్లూ ఆ అడుగుల కోసమే ఏడ్చిన తల్లి, మోకాళ్ల మీద కూలబడి చేతులు చాపింది. పిల్ల చిన్న వేళ్లతో ఆమె చెంప ముట్టుకుంది. నిరోషకు ప్రాణం లేచొచ్చింది. బిడ్డను పేరు పెట్టి పిలవబోయింది.

పేరు గుర్తురాలేదు.

నవ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. పరాయివాళ్లతో మాట్లాడినట్టు, మర్యాదగా అంది:

"ఆంటీ, మీ పాప ఏడుస్తుంది. పొండి."

"ఏ పాపనే? ఏడ ఏడుస్తుంది?" అంది సత్యమ్మ. ఆమెకేమీ వినిపించలేదు. నిరోషకు వినిపిస్తూనే ఉంది, బస్సు వచ్చిన దారిలో, దూరంగా. ఆమె కాళ్లు వాటంతటవే అటు తిరిగాయి. ఆపాలని చూసింది. వాకిలి గేటు కమ్మీ పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటే జారాయి.

వెనక నవ్య గొంతు వినిపించింది. "నాయనమ్మా, మా అమ్మ యాడికి పోయింది? జల్ది రమ్మను."

ఊరికొచ్చినప్పటి నుంచి ఆ పిల్ల అమ్మ కావాలనడం అదే మొదటిసారి. నిరోష కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. అది బయటికి రాకముందే, ఇంటి వెనక చీకటి పెరట్లోంచి ఎవరో పలికారు. సిమెంటు దుమ్ముకు బొంగురుపోయిన గొంతు. పార్లర్‌లో పోయిన నిరోష గొంతు.

"వచ్చిన బిడ్డా... ఈడున్న..."

"అమ్మా!" అని నవ్య ఒక్క ఉరుకున పెరట్లోకి పరుగెత్తింది. వద్దు, పోవద్దు అని నిరోష అరిచింది. ఆమె నోటి నుంచి జోలపాట లాంటి సన్నటి మూలుగు తప్ప ఏమీ రాలేదు. కాళ్లు అప్పటికే ఆమెను రోడ్డెక్కించాయి.

పెరట్లో నవ్య నవ్వింది. ముద్దులు పెట్టిన చప్పుడు.

"అమ్మా, నీ ముఖమేది?" అంది పిల్ల, ఇంకా నవ్వుతూనే.