ఎర్రనీళ్ల డ్రమ్ము

రాగి గని పంపుహౌస్‌లో పనిచేసే అమ్మాయికి శుభ్రం పిచ్చి. షెడ్డు మూల ఎర్రనీళ్ల డ్రమ్మొకటి మురికిగా కనబడేసరికి పారబోసి, బ్లీచింగ్ వేసి తళతళలాడేలా కడిగేసింది.

కాసేపటికి లాబ్ కుర్రాడొచ్చి అందులోకి తొంగిచూసి చతికిలబడ్డాడు. గనిలో అందరూ అతన్ని చాటుగా 'పురుగుల డాక్టరు' అంటారు.

"ఇందులో నీళ్లేవండీ?"

"ఆ మురికా? పారబోశాను. పెట్టినవాళ్లకి కాస్త బుద్ధుండక్కర్లా?"

"పెట్టింది నేనేనండీ. అవి నా బాక్టీరియా."

నాసిరకం రాయిలో మిగిలిన రాగిని అవి కరిగించి నీళ్లలోకి దింపుతాయని, కొలిమీ పొగా అక్కర్లేదని అతను చెప్పాడు. మంచి రాయి అయిపోవచ్చిన గనికి అదొక్కటే ఆశ. గని మూతపడితే ఆమె ఉద్యోగంతో పాటు, అక్కడే లారీ తోలే నాన్న ఉద్యోగమూ పోతుంది.

మేనేజరు అతన్ని చెడామడా తిట్టాడని, డ్రమ్ము మీద ఏమీ రాయని తప్పు తనదేనని చెప్పి అతను ఆమె ఊసే ఎత్తలేదని సాయంత్రానికి తెలిసింది.

మర్నాడు ఆమె క్యాన్లు పట్టుకుని లాబ్ ముందు నిలబడింది.

"మీ పురుగులు మళ్లీ ఎక్కడ దొరుకుతాయి?"

పాత సొరంగంలో ఊరే నీళ్లలో ఉంటాయట. ఇద్దరూ వానలో తడుస్తూ మోసుకొచ్చారు. దారిలో ఆమె జారితే అతను ఆమెను వదిలేసి క్యాన్‌ను పట్టుకున్నాడు. ఆ మాట ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు.

బాక్టీరియాకు గాలి అందించే పని ఆమే తీసుకుంది. షిఫ్టు అయిపోయినా కదిలేది కాదు. మీ పిల్లలు ఎలా ఉన్నారని ఏడిపించేది. మీరు ఆలస్యంగా వచ్చారని అలిగారని అతను అనేవాడు.

కొన్నాళ్లకు నాసిరకం రాళ్లగుట్ట మీద చల్లిన బాక్టీరియా నీళ్లు రాగిని కరిగించుకుని అడుగున నీలంగా కారాయి. వాటినుంచి తీసిన మొదటి రాగిరేకును అందరూ తడిమి చూశారు. నాన్న ఆ కుర్రాడి చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

అంతా వెళ్లాక ఆమె అంది. "ఆ రోజు మీరు నా సంగతి చెప్పుంటే నేనిక్కడ ఉండేదాన్ని కాదు. మీ మేలు మర్చిపోను."

"నేను చెప్పాలండీ థాంక్స్. ఇక్కడికొచ్చాక నాతో మొదట మాట్లాడింది మీరే. తిట్టారనుకోండి, అది వేరే సంగతి." కాస్త తటపటాయించి అడిగాడు. "మీ ఇంటికొచ్చి నాన్నగారితో మాట్లాడనా?"

ఆమె నవ్వు దాచుకోవడానికి పంపు వైపు తిరిగింది.

"ఆదివారం ఆయనకి సెలవు. పొద్దున్నే రండి, భోంచేశారంటే ఇక నిద్ర లేవరు."