చాప కింద పుస్తెలతాడు

శుక్రవారం సాయంత్రం 4.50.

ఖతార్‌లోని అల్ వక్రా పార్కులో ప్రమీల మెడ తడుముకుని కెవ్వుమంది.

"నా పుస్తెలతాడు! నా పుస్తెలతాడు పోయింది!"

నాలుగు తులాల బంగారం, రెండు పుస్తెలు. చుట్టుపక్కల చాపల మీద పిక్నిక్‌కు కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. వెతుకులాట మొదలైంది. అరగంటలో వస్తువు దొరికింది. కానీ అసలు గొడవ అది దొరికాకే మొదలైంది.

అది మాలతి కూర్చున్న చాప కింద దొరికింది మరి.

పార్కు సెక్యూరిటీ సూపర్‌వైజర్ అమర్నాథ్ పరుగున వచ్చాడు. అనంతపురం మనిషి. అక్కడ క్రైమ్ బ్రాంచ్‌లో కొన్నేళ్ళు చేసి, ఖతార్‌లో వరల్డ్ కప్ పనులు ఊపందుకున్నాక ఇటొచ్చాడు. స్టేడియం డ్యూటీ వస్తుందనుకుంటే పార్కు గేటు దగ్గర పడేశారు. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు. స్టేడియం డ్యూటీ దొరికిన తోటివాడు ఫొటో పంపినప్పుడల్లా ఫోన్ బోర్లా పెట్టేస్తాడు.

ఇన్నాళ్ళకు కేసు లాంటి కేసు ఒకటి దొరికింది.

"దీన్ని ఎవరు తీశారు?"

"నేనే సార్," అన్నాడు తిరుమల్. చేతిలో మెటల్ డిటెక్టర్ ఇంకా ఆన్‌లోనే ఉంది. "నా భార్య నడిచిన దారెంట మిషన్ తిప్పుకుంట వచ్చిన. మాలతక్క చాప కాడ కూసింది. చాప లేపి తవ్విన. నాలుగు వేళ్ళ లోతుల ఉన్నది."

తిరుమల్‌ది జగిత్యాల. స్టేడియం సైట్‌లో ఫోర్‌మన్. ప్రతి శుక్రవారం ఈ పార్కులో మిషన్ తిప్పుతాడు. పాత వస్తువు ఏది దొరికినా ఆఫీసుకు అప్పజెప్పాలన్న షరతు మీద పర్మిషన్ ఇచ్చారు. ఒకప్పుడు ఈ దేశంలో చెల్లిన మన పాత రూపాయి బిళ్ళలు అతనికి రెండు దొరికాయి. పోయినవారం మాలతి చెవి కమ్మ ఒకటి జారిపోతే అదీ వెతికి పెట్టాడు. ఆ రోజు నుంచి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అందరూ అతన్ని హీరో అంటున్నారు. ఒక్క ప్రమీల తప్ప.

ఆమె మాలతి వైపు చూసే చూపులో కారం ఉంది.

"గామెనే తీసింది సార్. దొంగను పక్కల పెట్టుకొని ఇన్ని దినాలు చాయ్ పోసిన!"

"నేనా? దేవుడా! నాకెందుకండీ మీ పుస్తెలు?" అంది మాలతి. ఆమెది కాకినాడ, మెసైమీర్‌లోని ఒక క్లినిక్‌లో నర్సు. భర్త ఊళ్ళోనే ఉన్నాడు. వరల్డ్ కప్ మెడికల్ డ్యూటీకి సెలెక్ట్ అయిందని లెటర్ వచ్చి నాలుగు రోజులే. "పోలీసు కేసు పడితే డ్యూటీ కాదండీ, వీసా కూడా పోతుంది. నేను తియ్యలేదు, బాబూ!"

ఐన్ ఖాలిద్‌లో ప్రమీల పక్కింట్లో ఉంటూ, ఆమెతోనే పార్కుకొచ్చిన గంగామణి అప్పటికే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేసింది. నర్సు మాలతి దొంగతనంలో దొరికిందని. ఇలాంటి కబురు కాళ్ళు లేకుండానే దేశమంతా తిరిగొస్తుంది.

పార్కు ఆఫీసర్ ఆరింటికి వస్తున్నాడు. అతని ముందు ప్రమీల దొంగతనం అన్నదంటే, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

అమర్నాథ్ పుస్తెలతాడు కవరులో వేసి జేబులో పెట్టుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని గుంట చూశాడు. గడ్డిని మూడు పక్కలా కోసి, నాలుగో పక్క వదిలేశారు. తలుపులా లేస్తోంది.

"ఇట్లా ఎవరు కోస్తారు?"

"మేమే సార్," అన్నాడు తిరుమల్ ఇబ్బందిగా. "మిషన్ తిప్పేటోళ్ళ పద్ధతి. మళ్ల మూసి తొక్కితే గడ్డి సావది. గని ఇప్పుడు నేను లేపకముందే గిట్ల కోసి ఉన్నది."

"నీ దగ్గర చూసి నేర్చుకున్నోళ్ళు ఎవరు?"

"మాలతే," అంది ప్రమీల. "కమ్మ తీస్తుంటే పక్కల్నే కూసొని చూసింది."

"అందరూ చూశారండీ," అంది మాలతి.

"చాప వదిలి ఎక్కడికైనా వెళ్ళావా?"

"నాలుగున్నరకి కరక్ చాయ్‌కి వెళ్ళాను. క్యూ ఉంది. పావుగంట పట్టింది."

"అప్పుడు నువ్వెక్కడ, తిరుమల్?"

"గా చివర ఈతచెట్ల కాడ. చిన్న పార ఒకటి సంచిల ఉండె. సంచి మా చాప మీద్నే పెట్టిన."

"పుస్తెలతాడు చివరిసారి ఎప్పుడు చూసుకున్నావమ్మా?"

"నాలుగింబావుకు మెడల్నే ఉండె," అంది ప్రమీల తడుముకోకుండా. "గప్పుడే సర్దుకున్న. మాలతి కండ్లు దాని మీద్నే ఉండె!"

ఏడుస్తూ వంగింది. చున్నీ జారింది. గంగామణి దాన్ని సర్దుతూ నిట్టూర్చింది.

"పాపం, ఒట్టి మెడతోని ఉండద్దని గింత దుఃఖంల గూడ పసుపు కొమ్ము కట్టుకున్నది."

అమర్నాథ్ తలూపాడు. వాళ్ళమ్మ కూడా అంతే. పుస్తెలు తాకట్టుకు పోయినప్పుడు పసుపు తాడుకు కొమ్ము కట్టుకుని తిరిగేది. అందులో వింతేమీ కనబడలేదు. లేచి రెండడుగులు వేశాడు.

మూడో అడుగు దగ్గర ఆగిపోయాడు.

టైమ్ 5.45. నలుగురినీ చాప చుట్టూ కూర్చోబెట్టాడు. చుట్టూ జనం మూగారు.

"గంగామణమ్మా, పార్కుకు ఏం తెచ్చినావు?"

"బగారన్నం డబ్బా. నీళ్ళ సీసా."

"పసుపు కొమ్ము?"

"పార్కుకు గదెందుకు తెస్త సార్?"

"మాలతమ్మా, నువ్వు?"

"లేదండీ."

"ప్రమీలమ్మా, నాలుగింబావుకు పుస్తెలతాడు మెడలోనే ఉందంటివి. పోయిందని తెలిసింది 4.50కి. అప్పటి నుంచి పార్కు దాటలేదు. మరి ఈ కొమ్ము యాడిది?"

ప్రమీల చెయ్యి మెడ మీదికి పోయింది.

"సంచిల... ఉండె."

"తాడు కూడానా? పసుపు నీళ్ళలో ముంచిన తాడు ఇంత తొందరగా ఆరదు తల్లీ. ఇది బిరుసుగా ఎండిపోయి ఉంది. ఇంట్లోనే ముంచి, ఆరబెట్టి తెచ్చినావు. పోతుందని ఎవరికి ముందే తెలుస్తుంది? పోగొట్టుకునే మనిషికి తెలియదు. తీసే మనిషికే తెలుస్తుంది."

జనంలో గుసగుస లేచింది.

"మాలతి చాయ్‌కి పోయింది. మొగుడు దూరంగా ఉన్నాడు. సంచిలోని పార తీసి, చూసి నేర్చుకున్న పద్ధతిలోనే గడ్డి కోసినావు. అన్నీ సరిగ్గానే చేసినావు. ఒట్టి మెడతో కాసేపు ఉండడం మాత్రం నీ వల్ల కాలేదు. పెళ్ళయినామె కొమ్ము కట్టుకోవడం మామూలే గదా, అందుకే ఎవ్వరికీ అనుమానం రాలేదు. నాక్కూడా."

తిరుమల్ నోరు తెరిచాడు. "ప్రమీలా... ఎందుకట్ల చేసినవ్?"

అంతే. ప్రమీల బద్దలైంది.

"ఎందుకా? ఆమె కమ్మ కోసం రెండు గంటలు మోకాళ్ళ మీద కూసున్నవ్! నా దిక్కు ఎన్నడన్న గంత సేపు చూసినవా? వారమంత సైట్, శుక్రవారం మిషన్. ఈ మిషనే నాకు సవతి అనుకుంటుంటే, దాని పక్కన ఆమె వచ్చి కూసున్నది. నా వస్తువు కోసం గూడ గట్ల వెతుకాలె. ఆమె ఇంక ఈ పార్కుల అడుగు పెట్టద్దు. గంతే అనుకున్న. ఆమె వీసా గురించి నాకు సోయి లేదు."

తిరుమల్ డిటెక్టర్ ఆఫ్ చేశాడు.

మాలతి మెల్లగా ముందుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"నేనూ కుళ్ళుకున్నానమ్మా. ప్రతి శుక్రవారం మిమ్మల్ని చూసి. ఒకే డబ్బాలోంచి ఇద్దరూ తింటుంటే ముద్ద నా గొంతు దిగేది కాదు. మా ఆయన్ని చూసి రెండేళ్ళయింది. నీ కాపురం చూసి ఏడ్చి ఇంటికెళ్ళేదాన్ని. కానీ నిన్ను దొంగని చెయ్యలేదు. నన్ను క్షమించమని అడక్కు, ఇప్పుడు నా వల్ల కాదు. నా పేరు నాకు తిరిగిచ్చెయ్. అంతే."

ప్రమీల గంగామణి ఫోన్ లాక్కుంది. అదే గ్రూపు తెరిచి, మైకు గుర్తు నొక్కి పట్టుకుంది.

"నేను ఐన్ ఖాలిద్ ప్రమీలను. తిరుమల్ భార్యను. నా పుస్తెలతాడు ఎవ్వలు తియ్యలే. నేనే మాలతక్క చాప కింద దాసిన. కుళ్ళుతోని. ఆమె దొంగ కాదు. ఆమెను దొంగ అన్నది నేను."

పార్కు ఆఫీసర్ వచ్చాడు. ప్రమీల నోటితోనే దొంగతనం జరగలేదని చెప్పించి, అమర్నాథ్ అతన్ని పంపేశాడు.

అప్పటికే మాలతి ఆ మెసేజ్ రెండోసారి వింటోంది. చివరిదాకా విని, ఫోన్ పర్సులో పెట్టుకుని, చాప దులిపి చుట్టింది.

"వచ్చే శుక్రవారం నేను రాను," అంది ప్రమీలతో. "నువ్వు రా. ఆ మిషన్ ఇంట్లో పెట్టించి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకో. మా ఆయన ఇక్కడుంటే నేనదే చేసేదాన్ని."

చాప చంకలో పెట్టుకుని మెట్రో వైపు నడిచింది. ప్రమీల వెంట వెళ్ళబోయి ఆగిపోయింది.