ఆమె వంతు

భుజం పట్టేసిందని మా వదిన ఒడ్డునే బండ మీద కూర్చుంది. నేను సర్ఫింగ్ బోర్డు చంకన పెట్టుకుని నీళ్ళలోకి దిగాను. సాయంత్రం నాలుగు దాటింది. ఆ చిన్న రాతి తీరానికి ఎవరూ రారు, అందుకే మేం వెళ్తాం. జనం ఉన్నచోట అలల కంటే సలహాలు ఎక్కువ.

"చెల్లెమ్మా, వంట టైముకి తేలతావా?" అంది వదిన, అచ్చం మా అన్నయ్య గొంతుతో.

"మీ ఆయన్నే వండుకోమను."

ఒడ్డుకి రావడానికి ఒకటే దారి. రెండు బండల మధ్య తలుపంత సందు. పోటు పెరిగితే అదీ మునిగిపోతుంది. ఆ తర్వాత ఎటు వచ్చినా రాళ్ళ మీద పడాల్సిందే. గంటలో తిరిగొచ్చేయాలి.

నీళ్ళలో అప్పటికే ఒకామె ఉంది. నావైపు వీపు పెట్టి బోర్డు మీద కూర్చుంది. అల విరిగే చోటుకి నాకంటే దగ్గరగా. అలా దగ్గరున్నవాళ్ళదే అల, మిగతావాళ్ళు ఆగాలి. సర్ఫింగ్‌లో మర్యాద అది. ఆగడం నాకేమన్నా కొత్తా? బడిలో డ్రిల్ టీచర్ని. స్టాఫ్‌రూంలో కుర్చీ దగ్గర్నుంచి ఇంట్లో స్నానాల గది దాకా నా వంతు చివరే.

అల వచ్చింది. ఆమె ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది. ఎక్కలేదు.

"మీరు వెళ్తారా?"

అడిగి చూశాను. చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాను. తలెత్తి చూస్తే మళ్ళీ నాకంటే ముందు ఉంది. అదే వీపు.

ఎండ తగ్గింది. కుళ్ళిన నాచు వాసన. అడుగున గులకరాళ్ళు దొర్లుతున్నాయి... ఎవరో పళ్ళు నూరుతున్నట్టు.

"వచ్చెయ్! సందు మునిగిపోతోంది!" వదిన అరిచింది. "ఎవరికోసం ఆగావే?"

"ఈమె వంతు వదినా!"

"ఎవరి వంతు?"

పెద్ద అల లేచింది. నన్ను ఎత్తింది, దించింది. ఆమె లేవలేదు. నీళ్ళు ఆమె నడుం దాటి, భుజాలు దాటి, తలమీదుగా పోయాయి. అల పోయాక అక్కడే, అలాగే కూర్చుని ఉంది. జుట్టు... పొడిగా ఉంది.

ఇక మర్యాద చాలనుకున్నాను. వెనకనుంచి వస్తున్న అలని ఆమె ముందునుంచే పట్టాను. పక్కగా దూసుకుపోతుంటే చెవి దగ్గర ఒక గొంతు, ఎంతో వినయంగా...

"మీరు పదండి. నేను మీ వెనకే."

తిరిగి చూడలేదు. సందులో మోకాలు చీరుకుపోయింది. వదిన చెయ్యి పట్టి పైకి లాగింది. "చంపేశావు కదే నన్ను!" అని ఏడ్చింది.

కారు దగ్గరికి వెళ్ళే దారి రాళ్ళ మధ్య ఒక్క మనిషి పట్టేంతే. నేను ముందు నడిచాను. వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూశాను. వదిన బండకి వీపు ఆనించి, పొట్ట లోపలికి పీల్చుకుని, పక్కకి ఒదిగి నిలబడింది.

"వదినా, రా."

"ఉండు," అంది మెల్లగా. "ఈవిడ్ని వెళ్ళనీ."