గ్యాలరీలో అమ్మ గొంతు

ఆదివారం పొద్దున తార్యా వంటింట్లో ఓట్స్ గంజి కలుపుతోంది. పదహారేళ్ల లోపు కుర్రాళ్ల జాతీయ ఐస్ హాకీ పోటీలు ఈసారి వాళ్ల ఊరు కుయోపియోలోనే జరుగుతున్నాయి. మధ్యాహ్నం ఫైనల్. కొడుకు రాస్మస్ జట్టు నిన్న సెమీస్‌లో ఊలు నగరం కుర్రాళ్లను ఓడించింది. పొద్దున్నుంచి చుట్టుపక్కల వాళ్ల ఫోన్లే ఫోన్లు.

"ఛాంపియన్‌గారు ఇంకా లేవలేదా?" అంటూ భర్త పేత్రి కాఫీ కప్పుతో వచ్చాడు.

రాస్మస్ మెట్లు దిగాడు. భుజాన హాకీ సంచీ లేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నేను ఆడను నాన్నా."

"ఏంట్రా ఈ వేళాకోళం?"

"ఆ ఊలు జట్టు తావి గాడి భుజం ఎముక విరిగింది. రాత్రంతా ఆసుపత్రిలోనే ఉన్నాడట. వెనకనుంచి వెళ్లి గోడకేసి కొట్టింది నేనే."

"రెఫరీ ఈల వెయ్యలేదు కదా!"

"చూడలేదు కాబట్టి వెయ్యలేదు."

తార్యా గిన్నె దించింది. "ఆటన్నాక దెబ్బలు తగలవా నాన్నా? నువ్వేం కావాలని..."

"కావాలనే కొట్టానమ్మా." రాస్మస్ అమ్మ వైపు తిరిగాడు. "'పడెయ్ వాణ్ణి, రాస్మస్!' అని గ్యాలరీలోంచి అరిచావు. అంత గోలలోనూ నీ గొంతు నాకు తెలీదా? వాడు అటు తిరిగి ఉన్నాడు. చూస్తూనే వెళ్లి గుద్దాను. వాడు లేవలేక మంచు మీద మెలికలు తిరుగుతుంటే, నువ్వు లేచి నిలబడి చప్పట్లు కొట్టావు. కిండర్‌గార్టెన్‌లో పసిపిల్లలకి తోసుకోకండర్రా అని చెప్పేది నువ్వేనా అమ్మా?"

"అమ్మతో అలాగేనా మాట్లాడేది!" పేత్రి గద్దించాడు.

"వద్దు పేత్రీ. వాడన్నది నిజం." తార్యా ముఖంలో నెత్తురుచుక్క లేదు. నిన్న ఆ కుర్రాడు పడగానే ఒళ్లంతా పాకిన సంతోషం ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. నిలబడ్డ చోటే నేల చీలిపోతే బాగుండుననిపించింది. ఏప్రన్ విప్పేసి, "కోటు వేసుకోరా, వెళ్దాం" అంది.

పేత్రి కాసేపు కొడుకు ముఖంలోకి చూశాడు. తరవాత ఫోన్ తీసి, "కోచ్‌గారూ, మావాడి గురించి ఒక మాట చెప్పాలి" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. నిన్నటి బట్టలే. పక్కన చల్లారిపోయిన కాఫీ. తావి తల్లి మిన్నా. రాస్మస్ దగ్గరికెళ్లి తలొంచుకున్నాడు.

"ఆంటీ, తావిని కొట్టింది నేనే. పొరపాటున తగిలింది కాదు. క్షమించండి."

మిన్నా వాడివంక చూడలేదు. తార్యానే చూసింది. "మీ గొంతు నిన్న బాగా వినబడింది. మా వాడి దగ్గరికి మెట్లు దిగి పరుగెడుతున్నాను. పైనుంచి చప్పట్లు."

ఏదో సర్దిచెప్పాలని తార్యా నోరు తెరిచింది. మానుకుంది.

"నేనేనండీ," అంది చివరికి. "మీ బిడ్డ పడితే నేను సంతోషపడ్డాను. నేనూ ఒక తల్లినే. ఏ ముఖం పెట్టుకుని వచ్చానో నాకే తెలీదు." ఇక ఆపుకోలేక రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

మిన్నా గది తలుపు వైపు చూసింది. తరవాత రాస్మస్‌తో, "లోపలికెళ్లు. వాడు లేచే ఉన్నాడు" అంది.

వాడు తలుపు తోశాడు. లోపలినుంచి ఒక నీరసమైన గొంతు వినబడింది: "ఒరేయ్, నీకు ఫైనల్ లేదూ?"

"ఆడట్లేదురా."

"మమ్మల్ని ఓడించి, ఇప్పుడు ఆడవా? బుద్ధుందా నీకు?"

మిన్నా పెదవులు వణికాయి. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. "నేను ఇంకా క్షమించలేదు," అంది తార్యాతో. "నాకు కొంచెం టైము పడుతుంది."

"పట్టనివ్వండి."

మిన్నా తన కోటు దగ్గరికి లాక్కుని, బెంచీ మీద కాస్త పక్కకి జరిగింది. తార్యా కళ్లు తుడుచుకుంటూ ఆమె పక్కన కూర్చుంది.