తొంభై దగ్గర ఆగిన మోకాలు

"నిచ్చెన పైమెట్టు మీద నిలబడకూడదని మీకెవరూ చెప్పలేదా?"

ఫిజియోథెరపీ గదిలో ఆమె నాతో అన్న మొదటి మాట అదే. నమస్కారం లేదు, పలకరింపు లేదు.

"చెప్పారండీ. ఫ్యాను అందలేదు."

"అందుకని మోకాలిచిప్ప రెండు ముక్కలు చేసుకున్నారా? పొడవాటి నిచ్చెన తెచ్చుకుంటే పోయేదిగా!"

నేను ఎలక్ట్రీషియన్ని. డాక్టరుగారు ఆపరేషన్ చేసి, విరిగిన చిప్పని రెండు పిన్నులతో, ఒక తీగతో బిగించారు. అప్పటిదాకా తీగలు బిగించడం నా పనే అనుకున్నాను. కట్టు విప్పేసరికి కాలు కర్రలా బిగుసుకుపోయింది. దాన్ని మళ్ళీ వంచడం ఆమె పని.

ఆ గదిలో మోకాలు ఎన్ని డిగ్రీలు వంగితే మనిషికి అదే పేరు. కిటికీ పక్కన వ్యాయామం చేసే పెద్దాయన 'అరవై గారు'. నేను 'ముప్పై గారు'గా చేరి, వానలు మొదలయ్యేసరికి 'తొంభై గారు'నయ్యాను. నూట ఇరవై డిగ్రీలు దాటితే ఫైలు మూసి ఇంటికి పంపేస్తారు.

ఇంటికి పంపేస్తే ఆమె కనబడదు. అందుకే తొంభై దగ్గర ఆగిపోయాను.

ఇంట్లో హాయిగా నేల మీద కూర్చుని మిక్సీలు బాగుచేసేవాణ్ణి. ఆ గదిలోకి వెళ్ళగానే మాత్రం కాలు బిగబట్టి "అమ్మా!" అని అరిచేవాణ్ణి. ఆమె చటుక్కున చేతులు తీసేసేది.

"ఇవాళ కూడా తొంభయ్యేనా? మీ మోకాలికి ఇక్కడే ఇల్లు కట్టించేస్తాను."

"పక్కింట్లో మీరుంటానంటే కట్టించండి."

మొదట్లో నవ్వేది. రెండో వారానికి ఆ నవ్వు ఆగిపోయింది. బయట ముసురు పట్టినట్టే ఆమె ముఖమూ ముసురు పట్టింది. అది నా వల్లేనని నాకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఫైలు పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది.

"సోమవారం మీకు మత్తిచ్చి డాక్టరుగారే మోకాలు వంచుతారట. రేపట్నుంచి మిమ్మల్ని సీనియర్ మేడమ్ చూస్తారు. నేనే అడిగాను."

"అదేంటండీ?"

"నా చేతిలోనే ఏదో లోపముంది. మా నాన్న మోకాలికీ ఇదే ఆపరేషన్. అప్పుడు నేను స్టూడెంట్‌ని. ఎవరూ వద్దు, నేనే వంచుతానన్నాను. తొంభై దగ్గర ఆగిపోయింది. ఆరేళ్ళైంది, ఇప్పటికీ ఆయన కింద కూర్చోలేరు." చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది. "ఇప్పుడు మీరు. ఇక ఈ పని మానేద్దామనుకుంటున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. బల్ల మీద వెల్లకిలా పడుకుని మోకాలు వంచాను.

ఆమె కోణం కొలిచే స్కేలు పెట్టి చూసింది. తీసి మళ్ళీ పెట్టింది. నూట ఇరవై ఐదు.

"ఎన్నాళ్ళైంది?"

"రెండు వారాలు. ఫైలు మూసేస్తే మీరు కనబడరని... మీరంటే నాకిష్టమండీ."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కళ్ళనిండా నీళ్ళతో ఫైల్లో అంకె వేసి, సంతకం పెట్టి మూసేసింది.

"ఆదివారం మా ఇంటికి రండి. ఇదంతా మా నాన్నకి మీ నోటితోనే చెప్పాలి."

ఆదివారం కూడా వానే. వాళ్ళ నాన్నగారు ఎత్తు కుర్చీలో కాలు చాపుకుని ఉన్నారు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. ఒక్క ముక్క దాచకుండా చెప్పాను.

"కింద కూర్చో బాబూ," అన్నారాయన.

బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆయన ముందుకు వంగి నా మోకాలి మీద కుట్ల మచ్చని వేలితో తడిమారు.

"ఎంత బాగా వంచావమ్మా!" అన్నారు కూతురితో. "నొప్పికి ఓర్చుకోలేక, నువ్వు కాలేజీకెళ్ళాక నేనొక్కరోజూ వ్యాయామం చేయలేదు తల్లీ. చేశానని నీకు అబద్ధం చెప్పాను. తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు. నీ చేతిలో ఏ లోపమూ లేదు."

ఆమె వచ్చి ఆయన కాళ్ళ దగ్గర, నా పక్కనే కూలబడింది. ఇద్దరు అబద్ధాలకోరుల మధ్య కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని తండ్రి మోకాలి మీద చెయ్యి వేసింది.

"రేపట్నుంచి మళ్ళీ మొదలుపెడదాం నాన్నా. అంతా రాకపోయినా కాస్తయినా వస్తుంది."

నా వైపు చూడకుండానే అంది.

"మీరూ రండి. ఆయన 'అమ్మా' అన్నప్పుడు అది నిజమో, నాటకమో మీకే తెలుస్తుంది."