గోడలో ఇరుక్కున్న కుక్క

ఇంట్లోంచి బయల్దేరాక ఆమె మళ్లీ వెనక్కి రాని రోజు లేదు. ఆ పొద్దున కూడా మెట్లు సగం దిగి పైకి ఎక్కి వచ్చింది.

"మామయ్యా, పాపకి పాలు గోరువెచ్చగా ఉండగానే పట్టండి. చల్లారితే ముట్టుకోదు."

"అలాగేనమ్మా."

"బాత్రూం తలుపుకి పై గడియ వెయ్యండి. కిందిది దానికి అందుతోంది."

"వేస్తాను."

"కిటికీ దగ్గర ఆ స్టూలు..."

"మంచం కిందికి తోసేశాను. నిన్నా చెప్పావు, మొన్నా చెప్పావు. నువ్వు వెళ్లు తల్లీ, బస్సు పోతుంది."

మామగారు ముప్పై ఒక్కేళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఆయన ఉన్న ఇంట్లో ఏ తలుపూ కిర్రుమనదు, ఏ కుళాయీ కారదు. ఆయన నోటినుంచి మాట కూడా అంత తేలిగ్గా జారదు. అత్తగారు పోయిన ఈ రెండేళ్లలో అది మరీ ఎక్కువైంది. నవ్వు సంగతి సరేసరి.

ఆయన పంచె పట్టుకుని, నాలుగేళ్ల మనవరాలు ఉన్నచోట ఉండకుండా గెంతుతోంది. ఒక్కచోట నిలవదు కాబట్టి దానికి ఉడత అనే పేరు స్థిరపడిపోయింది.

"అమ్మా, నిన్న తాతయ్య నేలలోకి పడిపోయాడు," అంది ఉడత.

ఆమె గిరుక్కున తిరిగింది. "పడ్డారా? ఎక్కడ? దెబ్బ తగిలిందా?"

"అబ్బే, అదేదో అంటుందమ్మా." ఆయన కంగారుగా కళ్లు తిప్పుకున్నాడు.

"నిజం! దబ్బుమని పడ్డాడు. మళ్లీ లేచాడు. కుక్క రాలేదు."

ఏ కుక్క? ఈ ఇంట్లో కుక్కెక్కడిది? అడగబోయేలోపు కింద బస్సు హారన్ మోగింది. బల్ల మీద ఉన్న పుస్తకం సంచీలో కుక్కుకుని పరిగెత్తింది.

దారంతా ఆమె మనసు ఇంట్లోనే ఉంది. గోరంతది కొండంత చేసుకోవడం తనకి అలవాటేనని ఆమెకి తెలుసు. కానీ ఆమె భయానికి ఒక లెక్క ఉంది. ఇంటర్‌లో ఉండగా అమ్మ మంచాన పడితే చదువు ఆగిపోయింది. పెళ్లయ్యాక రక్తపరీక్షలు చేసే ల్యాబ్ కోర్సులో చేరితే ఉడత కడుపున పడింది. మళ్లీ చేరితే దానికి జ్వరాలు పట్టుకున్నాయి. ఇది మూడోసారి. "పిల్లని నేను చూసుకుంటాను, నువ్వు చదువుకో" అని మామగారు అన్న ఒక్క మాట మీద నిలబడ్డ చదువు ఇది. ఆ మాట కూలితే ఇక అంతే. నాలుగోసారి వెళ్లి సీటు అడిగే మొహం ఆమెకి లేదు.

క్లాసులో టీచరమ్మ గాజుపలక మీద రక్తపు చుక్క ఎలా పరచాలో చూపిస్తోంది. రాసుకుందామని పుస్తకం తెరిస్తే అది తనది కాదు. ఒకే కట్టలో కొన్న రెండు ఆకుపచ్చ అట్టల పుస్తకాల్లో రెండోది. లోపల మామగారి చేతిరాత. స్కేలు పెట్టి గీసిన గడులు: తేదీ, సమయం, లోపం, చేసిన పని, ప్రస్తుత స్థితి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లిఫ్టుల కోసం రాసిన తీరే.

మూసేద్దామనుకుంది. కానీ చూపు అక్షరాల మీదికి జారిపోయింది.

*మూడో తేదీ, పదిన్నర. నేల కుంగి కిందికి పోయాను. మళ్లీ మొదటినుంచి నడిచాను.*

*ఐదు. కుక్క తల గోడలో ఇరుక్కుంది. మొండెం బయట ఉంది. తోక ఊపుతోంది.*

*ఆరు. డాక్టరు కుర్చీ లేకుండా గాలిలో కూర్చున్నాడు. అడిగితే జవాబు లేదు.*

*ఎనిమిది. నిన్న చచ్చినవాడు ఇవాళ గుమ్మంలో నిలబడి బాగున్నావా అని అడిగాడు.*

*తొమ్మిది. పాప నిద్రపోయాక బయటికి వెళ్లాను. ఇద్దరిని కాల్చక తప్పలేదు. పాప లేచేలోపు వచ్చేశాను.*

అన్నిటికీ చివరి గడిలో ఒకటే మాట: *నడుస్తోంది.*

ఆమె మోచెయ్యి తగిలి బల్ల మీది గాజుపలక కింద పడి రెండు ముక్కలైంది.

"టీచర్, ఇంటికెళ్లాలి. మా పాప..." అంది. ఆ మొహం చూసి టీచరమ్మ ఇంకేం అడగలేదు.

బస్సులోంచి మామగారికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. అప్పుడు కళ్లజోళ్ల షాపులో అద్దాలు కోసే మొగుడికి చేసింది.

"ఏమండీ, మామయ్యకి మతి చలించింది. చచ్చినవాళ్లు కనబడుతున్నారట. ఎవరినో కాల్చారట!"

"దేంతో కాలుస్తాడే? మనింట్లో దోమల బ్యాటు కూడా పనిచెయ్యదు!"

"నవ్వులాటగా ఉందా మీకు? పాపని వదిలేసి బయటికెళ్తున్నారట. ఆయనే రాసుకున్నారు!"

అవతల మిషన్ ఆగిన చప్పుడు వినిపించింది. "వస్తున్నా," అన్నాడతను.

ఆమె తాళంచెవితో తలుపు తీసేసరికి లోపల గదిలోంచి నవ్వు వినిపించింది. మామగారి నవ్వు. రెండేళ్ల తర్వాత విన్న ఆ నవ్వుకి సంతోషించాల్సింది పోయి ఆమె భయపడింది.

"రావే, రా. తల బయటికి తియ్యి. నిన్నిలా వదిలేసి నేనెక్కడికి పోతానే?" అంటున్నాడాయన, ఎవరితోనో.

ఆమె ఒక్క తోపుతో తలుపు తెరిచింది.

మంచం మీద ఉడత బోర్లా పడుకుని నిద్రపోతోంది, మెడదాకా దుప్పటి. స్టూలు మంచం కింద ఉంది. బాత్రూం తలుపుకి పై గడియ వేసి ఉంది. ఖాళీ పాలగ్లాసు కడిగి బోర్లించి ఉంది. టీవీలో కాలిపోయిన ఊరు, బూడిదరంగు ఆకాశం, విరిగిన మేడలు. ఒక గోడలోంచి కుక్క వెనకభాగం మాత్రం బయటికొచ్చి తోక ఊపుతోంది. టీవీ ముందు కళ్లజోడు ముక్కు కొసకి జారిన మామగారు, రెండు చేతుల్లో ఆట రిమోటు పట్టుకుని, దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడిలా నిలబడిపోయాడు.

"ఏంటిది మామయ్యా?"

"ఆట... ఆటేనమ్మా."

ఆమె పుస్తకం తీసి మంచం మీదికి విసిరింది. "ఇద్దరిని కాల్చక తప్పలేదని రాశారు!"

"దొంగలమ్మా వాళ్లు. నీళ్ల పంపు దగ్గర కాపు కాశారు. ముందు మంచిగానే మాట్లాడి చూశాను."

"చచ్చినవాడు గుమ్మంలో నిలబడటమేంటి?"

"అది ఆటలో లోపం. ఈ ఆటంతా లోపాలే. అవి ఎప్పుడెప్పుడు వస్తున్నాయో రాసుకుంటే తప్పించుకునే దారి దొరుకుతుందని..."

ఆమె నేల మీద కూలబడింది. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ దిగిన బండ వెనకాలే కోపం తన్నుకొచ్చింది.

"నా పిల్లని మీ చేతుల్లో పెట్టి వెళ్తున్నాను. మీరన్న ఆ ఒక్క మాటే నా చదువు. ఫోన్ ఎత్తరు, ఒక్క ముక్క చెప్పరు! దారిపొడవునా నేనేమైపోయానో తెలుసా? ఈ చదువు కూడా పోయిందనుకున్నాను. పిల్లే పోయిందనుకున్నాను!"

"అది పడుకుందని ఫోన్ నోరు నొక్కేశాను." ఆయన గొంతు తగ్గింది. "మెలకువగా ఉంటే కుక్కతో నడవడం, డబ్బాలు ఏరడం, అంతవరకే చూపిస్తానమ్మా. తుపాకీ అది నిద్రపోయాకే. కాదంటే ఇప్పుడే తీసేస్తాను. నువ్వు మాత్రం చదువు మానకు."

"ఆడితే ఆడారు. దాచడం ఎందుకు?"

ఆయన జవాబు చెప్పేలోపు మొగుడు రొప్పుతూ వచ్చి పడ్డాడు. జుట్టు నిండా గాజుపొడి, చేతిలో ఎవరిదో ఒంటి అద్దం కళ్లజోడు. తండ్రిని, పెళ్లాన్ని, పిల్లని వరసగా చూశాడు. చివరికి చూపు టీవీ కింద ఉన్న నల్లపెట్టె దగ్గర ఆగిపోయింది. దాని మూలన గీతలు పడిన పసుపు స్టిక్కర్ ఉంది.

"ఇది నాది కదా?"

మామగారు తల దించుకున్నాడు. "అందుకే చెప్పలేదమ్మా," అన్నాడు కోడలితో. "వీడికి పదిహేనేళ్లప్పుడు దీన్ని నా చేత్తోనే అటకెక్కించాను. ఆటలు కూడు పెడతాయా అని అరిచాను. వారం రోజులు వీడు నాతో మాట్లాడలేదు. అలాంటివాణ్ణి, ఈ వయసులో కూర్చుని అదే ఆట ఆడుతున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మరి ఎందుకు దించావు?" మొగుడి గొంతులో కోపమో, నవ్వో తెలియలేదు.

"అటక మీద మీ అమ్మ కుట్టుమిషన్ కోసం వెతుకుతుంటే దొరికింది. పాడైందేమో చూద్దామని పెట్టాను. పాడవలేదు. చూస్తే అందులో లోకమంతా బూడిదైపోయింది. అయినా ఎవడో ఒకడు ఎదురొచ్చి, పంపు చెడింది కాస్త చూస్తావా అంటున్నాడు. రిటైరయ్యాక నన్నెవరూ అలా అడగలేదురా. బాగుందనిపించింది."

"ఇన్ని లోపాలతో ఎలా ఆడుతున్నారు మామయ్యా? పడిపోతూ, ఇరుక్కుంటూ," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

"లోపం లేని లిఫ్టు నేనింతవరకూ ఎక్కలేదమ్మా. ఎక్కడ కొట్టుకుంటుందో తెలిస్తే దాంతోనే పైకెళ్లొచ్చు."

లిఫ్టు అన్న మాట చెవిన పడగానే మొగుడు మంచం అంచున కూర్చున్నాడు. "నేను ఈ ఆటలో టవర్ లిఫ్టు దగ్గరే ఆగిపోయాను నాన్నా. అడుగు పెట్టడం ఆలస్యం, నేల మింగేసేది. ముప్పైసార్లు పడ్డాను."

"అది దాటాను."

"దాటావా!" పాతికేళ్లు దాటిన మనిషి మొహంలోకి ఒక్కసారిగా పదిహేనేళ్లు వచ్చేశాయి. "ఎలా?"

"చెప్తాను. ముందు ఒక మాట." మామగారు రిమోటు పక్కన పెట్టాడు. "దీన్ని అటకెక్కించిన రోజు, నలుగురు మనుషులు లిఫ్టులో రెండు గంటలు ఇరుక్కుపోయారు. అందరి తిట్లూ తిని ఇంటికొచ్చాను. గుమ్మంలో అడుగుపెట్టేసరికి నువ్వు, ఈ దిక్కుమాలిన లిఫ్టు చేసినవాడి చేతులు విరగ్గొట్టాలి అని అరుస్తున్నావు. నన్నే అంటున్నావనుకున్నాను."

మొగుడు నోరు తెరిచాడు. "నాన్నా! అది ఆటలో లిఫ్టు!"

"ఇప్పుడు తెలిసింది. పోయినవారం దాని దగ్గర పదోసారి పడ్డప్పుడు నేనూ అచ్చంగా అదే మాట అన్నాను."

మొగుడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి నవ్వునీళ్లేనా అని ఆమెకి అనుమానం వచ్చింది కానీ అడగలేదు.

"నీ ఆట అలాగే ఉందిరా," అన్నాడు మామగారు మెల్లగా. "ఆటలు దాచే చోట, మొదటి గడిలో. నేను ముట్టుకోలేదు. నాది రెండో గడిలో మొదలుపెట్టాను."

మొగుడు రిమోటు అందుకుని మొదటి గడి తెరిచాడు. తెర మీద లిఫ్టు గుమ్మం ముందు ఒక మనిషి, పక్కన ఒక కుక్క నిలబడి ఉన్నారు. పదిహేనేళ్ల కుర్రాడు వదిలేసిన చోటే ఇన్నేళ్లూ వాళ్లు అలాగే నిలబడి ఉన్నారు.

"మధ్యలో నిలబడకు," అన్నాడు మామగారు, కొడుకు భుజం మీద చెయ్యి వేసి. "మూలకి పో. వీపు గోడకి ఆనించు. తలుపు పూర్తిగా మూసుకున్నాకే మీట నొక్కాలి. కుక్క ఎక్కేదాకా ఆగు."

"తెలుసు, తెలుసు," అంటూ మొగుడు నేరుగా మధ్యలోకి నడిచాడు. నేల గుటుక్కున మింగేసింది.

"తండ్రి మాట ఏనాడు విన్నారు గనక!" అంది ఆమె. నవ్వు ఆపుకోలేక అన్న మాట అది. ఆ చప్పుడుకి ఉడత లేచి, కళ్లు నులుముకుంటూ తల్లి ఒళ్లోకి దొర్లింది. అమ్మ ఈ వేళప్పుడు ఇంట్లో ఎందుకుందో అడగలేదు. దాని బెంగ వేరే.

"తాతయ్యా, కుక్క వచ్చిందా?"

"వస్తుందే. ఈసారి నాన్న ఆగుతాడు."

రెండోసారి మొగుడు మూలకి వెళ్లాడు. వీపు ఆనించాడు. కుక్క గుమ్మం దగ్గర గిరగిరా తిరిగింది, సగం గోడలోకి దూరింది, మళ్లీ బయటికొచ్చింది. చివరికి అది లోపలికి ఎక్కింది. తలుపు మూసుకుంది. లిఫ్టు కదిలింది.

పైన తలుపులు తెరుచుకునేసరికి కింద ఊరంతా పరుచుకుని ఉంది. బూడిద మధ్యలో అక్కడక్కడ చిన్న చిన్న దీపాలు, మామగారు తన ఆటలో బాగుచేసిన పంపుల్లాంటివి. "అబ్బ!" అంది ఉడత. సరిగ్గా అప్పుడే తెర బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా కదల్లేదు.

"చచ్చింది!" అన్నాడు మొగుడు.

మామగారు మంచం మీద పుస్తకం కోసం తడుముకున్నాడు. అది అప్పటికే కోడలి చేతిలో ఉంది. ఆమె కొత్త పేజీ తీసి, తన సంచీలోని కలం మూత తీసి అందించింది. ఆయన గడియారం చూసి రాసుకున్నాడు: *టవర్ పైన బిగుసుకుంది. ఆపి మళ్లీ వెయ్యాలి.* చివరి గడి దగ్గర కాసేపు ఆగి కొడుకు వైపు, కోడలి వైపు చూశాడు. *నడుస్తోంది* అని రాశాడు.

మర్నాడు పొద్దున ఆమె తన పుస్తకమే అని రెండుసార్లు తెరిచి చూసుకుని సంచీలో పెట్టుకుంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే, ఉడతని చంకనెత్తుకుని మామగారు అలవాటుగా కాచుకుని నిలబడ్డాడు. పాలు, గడియ, స్టూలు, అన్నీ వరసగా వినడానికి సిద్ధంగా ఉన్నాడు.

"మామయ్యా."

"చెప్పమ్మా."

"కుక్కని వదిలేసి వెళ్లకండి," అందామె.

మెట్లన్నీ ఒక్క ఊపులో దిగిపోయింది. వెనక్కి రాలేదు.