మబ్బుగుహ గురువు చెప్పని అధ్యాయం

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. నది ఒడ్డున ఉన్న ఆ చిన్న పీఠంలో మధ్యాహ్నానికే దీపాలు వెలిగించాల్సి వచ్చింది. లోపలంతా అగరుపొగ, తడిబట్టల వాసన, కొత్త సిరా వాసన. బల్లమీద ఎర్రగుడ్డలో చుట్టిన పుస్తకం ఉంది. అచ్చులోంచి వచ్చిన మొదటి ప్రతి. దాన్ని అగ్నిలో వేసి పైలోకానికి పంపాకే మిగతా ప్రతులు ఊళ్ళో పంచాలి.

చేతులు కడుక్కుంటున్న దూ జింగ్‌లాన్ ఆ మూటవైపు చూడలేకపోయాడు.

పుస్తకాన్ని సరిదిద్ది అచ్చుకిచ్చింది అతనే. చెప్పింది మాత్రం మబ్బుగుహ గురువు. ఎన్నడో దేహం విడిచి దివ్యుడైనవాడు. కోవ్ షియెన్ అనే పెద్దాయన పంగకర్ర పట్టుకుంటే గురువు దిగివచ్చి ఇసుకపళ్ళెంలో అక్షరాలు గీసేవాడు. దూ వాటిని కాగితమ్మీదికి ఎక్కించేవాడు. చలికాలంలో కోవ్ పోయాడు. గురువు చెప్పాల్సింది అయిపోయిందనీ, ఇంకొక్క మాట కూడా చేర్చొద్దనీ పోయేముందు మరీ మరీ చెప్పాడు.

దూ వినలేదు. తనే కూర్చుని చివరి అధ్యాయం రాసేశాడు. గురువు కలలో చెప్పాడన్నాడు. పీఠం పెద్ద ఫాన్ బోయు తనని నలుగురిలో వెక్కిరించడం మనసులో పెట్టుకుని అందులో ఒక వాక్యం ఇరికించాడు. ‘ఈ మాటలను శంకించినవాని నోరు మూతపడును.’

అగ్నిలో వేసేముందు గురువు అనుమతి అడగడం ఆచారం. కర్రకి ఒక పక్క దూ, రెండో పక్క కోవ్ భార్య మియావ్ పట్టుకున్నారు. ఫాన్ ఇసుకలో అక్షరాలు చదవడానికి ఎదురుగా నిలబడ్డాడు. అతని వెనక జనం చేరారు.

“కలలోకి వచ్చినాయన మెలకువలో కూడా వస్తాడేమో చూద్దాం,” అన్నాడు ఫాన్. “ఏం తమ్ముడూ, మొదలుపెట్టు మరి.”

కర్ర కదలకపోతే తనే మెల్లగా నెట్టి ‘సమ్మతం’ అని రాసేద్దామనుకున్నాడు దూ. నెట్టబోయేలోపే అది కదిలింది.

కోవ్ చేతుల్లో ఆ కర్ర కుంచెలా తేలేది. ఇప్పుడు ఇసుకలోకి దిగబడుతోంది. ఎవరో అవతలి కొసన పట్టుకుని లాగుతున్నట్టు... అగరువాసన తగ్గిపోయింది. ఎక్కడినుంచో కుళ్ళిన బురద వాసన...

ఫాన్ వంగి చదివాడు. “ముందు అధ్యాయాలు ఆయనవి.” కర్ర మళ్ళీ గీసింది. “చివరిది నాది.”

ఫాన్ నవ్వాడు. నువ్వెవరని ఎగతాళిగా అడిగాడు. నాటకం బాగానే కట్టారన్నాడు. ఇంకేదో అనబోయాడు. పెదవులు అతుక్కుపోయాయి. గోళ్ళతో పీక్కున్నాడు. రక్తం వచ్చింది గానీ నోరు తెరుచుకోలేదు. జనం అతన్ని మోసుకుని వానలోకి పరుగెత్తారు.

లోపల ఇద్దరే మిగిలారు.

“వదినా,” అన్నాడు దూ గుసగుసగా. “గురువు నా కలలోకి రాలేదు. ఆ అధ్యాయం నేనే రాశాను.”

మియావ్ అతని మొహంకేసి చూడలేదు. “రాసి, ఆయన పేరు పెట్టావు. ఆయన రాలేదు. ఆ చోటు ఖాళీగా ఉంది కదా, మరిదీ... ఎవరో వచ్చి కూర్చున్నారు.”

దూ కర్రని విసిరికొట్టాడు. మూట విప్పి చివరి అధ్యాయం కాగితాలు బరబరా చింపాడు. తీసుకెళ్ళి సమర్పణ కోసం రాజేసిన నిప్పుల్లో కుక్కాడు. సాయంత్రానికల్లా ఆ అధ్యాయం చెక్కిన అచ్చుపలకలు కూడా గొడ్డలితో చీల్చేస్తానన్నాడు. కాగితాలు అన్ని కాగితాల్లాగే కాలిపోయాయి. బూడిద పైకి లేచి, పైకప్పు సందులోంచి వెళ్ళిపోయింది. అప్పటికి గానీ అతనికి ఊపిరి ఆడలేదు.

వెనక్కి తిరిగేసరికి మియావ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

“ఏం చేశావు నువ్వు,” అంది. “ఇక్కడ కాల్చడమంటే... పంపడం కదా.”

దూ నిప్పులవైపు తిరిగాడు. అవును. పీఠంలో, దీపాల వెలుగులో, చేతులు కడుక్కుని, తన చేత్తోనే సమర్పించాడు.

కర్ర మూల పడి ఉంది. ఎవరూ పట్టుకోలేదు. పళ్ళెంలో ఇసుక సద్దు చేసింది... బియ్యం చెరిగినట్టు, సన్నగా.

దీపం పట్టుకుని వంగాడు. గీతలు పడుతున్నాయి. కాదు... గీతలు పడడం లేదు. ఇసుక ఉబ్బుతోంది. అక్షరం తర్వాత అక్షరం పైకి లేస్తోంది. అన్నీ అచ్చుపలక మీద చెక్కినట్టు తిరగబడి ఉన్నాయి. కాగితం అద్దితే తప్ప చదవడం కుదరదు.

కాగితం కోసం అతని చెయ్యి దానంతటదే సాగింది.